ఇటుకల పండగలో వెనిలా పూసింది

మా మేనత్త దినం అయిపోయి విశాఖ తిరిగొచ్చాక నేను చేసిన మొదటి పని కుండీ మార్చడం. ఇంత దుఃఖంలో ఇదేం పని అని మా ఆయన నోటితో అనలేదు గాని, అన్నట్టే చూశాడు. చూడనీ. మా ఫ్లాట్ బాల్కనీలో, ఎండ నేరుగా పడని మూలన, అత్త ఇచ్చిన వెనిలా తీగ ఏళ్ల తరబడి ఒకే మట్టికుండీలో ఉంది. ఈమధ్య కింది ఆకులు పసుపెక్కుతున్నాయి. వేళ్లు కుండీ లోపలి గోడకి ఎంతలా అతుక్కుపోయాయంటే, లాగితే తెగుతాయి తప్ప ఊడిరావు. అందుకని కుండీనే పగలగొట్టాను. పెంకుల్ని వేళ్లకే వదిలేసి, కొత్త కుండీ అడుగున బొగ్గుముక్కలు పరిచి, పైన నానబెట్టిన కొబ్బరిపీచు, కుళ్లిన ఆకు వేసి, పెంకులతో సహా దాన్ని నెమ్మదిగా లోపలికి దించాను. దీనికి ఉత్త మట్టి వెయ్యకూడదు. మట్టిలో దీని వేళ్లకి ఊపిరాడదు. తడిసిన పీచు వాసన ముక్కుకి తగిలేసరికి చేతులు అక్కడే ఆగిపోయాయి. కింద రోడ్డు మీద ఆటోల రొద వినిపిస్తూనే ఉంది, కాని నేను మాత్రం అనంతగిరి కొండల్లో మా ఇంటి వెనక, పనసచెట్టు కింద ఉన్నాను.

మా ఇల్లు ఊరి చివర, కాఫీ తోటలు మొదలయ్యే చోట ఉండేది. ఎర్రమట్టితో అలికిన గోడలు, నాటుపెంకుల కప్పు. పొద్దున్న లేస్తే మంచు ఇంట్లోకే వచ్చేసేది. పొయ్యి పొగా ఆ మంచూ కలిసిపోయి, అమ్మ ఎక్కడుందో చోడి అంబలి, అంటే రాగి అంబలి, వాసనని బట్టి వెతుక్కోవలసి వచ్చేది. కాఫీపళ్లు తొక్క తీసే రోజుల్లో పుల్లటి వాసన, పసుపు ఉడికించే రోజుల్లో మట్టి వాసన, వానల్లో కప్పు మీద నాచు వాసన. మా చిన్నప్పుడు నెలల పేర్లు నాకు రావు గాని ముక్కు పెట్టి ఏ కాలమో చెప్పేసేదాన్ని. ఇప్పుడు మా అపార్ట్‌మెంటులో ఏ కాలమైనా ఫినాయిల్ వాసనే.

ఆ ఇంటికి పెద్ద మా మామ్మ, నాన్నని కన్నతల్లి. చుట్టుపక్కల కొండ ఊళ్లన్నిటికీ ఆవిడే మంత్రసాని. అడ్డపొగ కాల్చేది, అంటే చుట్ట నిప్పువైపు నోట్లో పెట్టుకుని. నోట్లో నిప్పు పెట్టుకునే అందర్నీ తిట్టేది. ఆ తిట్లలో ప్రేమ ఏదో కోపం ఏదో మాకు తెలిసేది కాదు, ఆవిడకీ తెలుసని నేననుకోను. కాని చేతుల విషయంలో మాత్రం మహా పట్టింపు. పొద్దుటే బూడిదతో మోచేతుల దాకా తోముకునేది, తర్వాత పసుపునీళ్లు, తర్వాత ఎండలో కూర్చుని ఒక్కో వేలికీ ఆముదం. గోళ్లు రాతి మీద అరగదీసేది. ఆ వేళ్లతో నా తల నిమిరితే నిద్ర ముంచుకొచ్చేది. ఎవరు వచ్చి పిలిచినా, వానలో పిలిచినా, తిట్టుకున్నవాళ్లు పిలిచినా, లేచి వెళ్లేది. రానని ఆవిడ అనగా నేను వినలేదు.

చిలకమ్మత్త మా నాన్న చెల్లెలు. మొగుడు మరొకర్తెని తెచ్చుకుంటే, ఒక్క మూట చంకన పెట్టుకుని కొండ దిగి, కొండ ఎక్కి మా ఇంటికి వచ్చేసింది. మావాళ్లలో అలా వచ్చేయడం తలవంపులేమీ కాదు. ఎవరూ ఏమీ అనలేదు, కంచంలో అంబలి తక్కువ పోయలేదు. కాని అన్న ఇంట్లో చాప అన్నది, చెంబు వదినది, మంచం తల్లిది. ఆమెది అనదగ్గది ఒక్కటీ లేదు. కాఫీ తోట ఆఫీసరుగారింట్లో గిన్నెలు తోమే పనికి వెళ్లేది. ఆయన భార్య మలయాళీ మేడమ్. వాళ్లకి బదిలీ అయినప్పుడు ఆవిడ తన పెరట్లోని తీగ నుంచి మూర పొడవు ముక్క కోసి అత్త చేతిలో పెట్టింది. దాని పేరు వెనిలా అని, ఐస్‌క్రీముల్లో వేసేది దీని కాయేనని, పూస్తే మన చేత్తోనే దానికి కాయ కట్టించాలని, ఎలాగో చూపించి మరీ వెళ్లింది. మేమెవరమూ అప్పటికి ఐస్‌క్రీము మొహం చూడలేదు. అత్త ఆ ముక్కని ఇంటి వెనక పనసచెట్టు మొదట్లో నాటుకుంది. పొద్దున్న లేవగానే అటు వెళ్లేది, పని నుంచి రాగానే అటు వెళ్లేది. తీగ మొద్దుని పట్టుకుని పాకి, కొమ్మ అందుకుని, కిందికి వేలాడి, మళ్లీ పైకి పాకింది. పువ్వు మాత్రం లేదు.

మా నాన్న చెడ్డవాడు కాదు. కాకపోతే ఆయన కంటికి ఖాళీగా ఉన్న చెట్టు కనిపిస్తే దాని మీదకి మిరియం పాకించేదాకా అన్నం సయించేది కాదు. ఆ పనస మీద ఆయన కన్ను ఎప్పుడో పడింది. ఒక రోజు అన్నం దగ్గర అననే అన్నాడు.

"సిలకా, ఈ ఏడు సూత్తాను. కాసిందా, ఉంచుకో. కాయనేదా, కొట్టీసి మిరియం ఎక్కిత్తాను. ఆకులు సూసుకోడానికి చెట్టెందుకు?"

అత్త తల ఎత్తలేదు. "అలగే అన్నా," అంది. ఆ మాట అంత మెల్లగా అనేసరికి మా అమ్మ కూడా చెయ్యి కడిగేసుకుంది. ఒక్క తీగ. అది పోతే ఆమె మళ్లీ మూటతో వచ్చిన మనిషే.

ఆ చలికాలం అత్త తీగ కొసలన్నీ కిందికి వంచి కట్టింది. మేడమ్ చెప్పిందట అలా వంచితే పూస్తుందని. చైత్రం వచ్చేసరికి ఆకుల పక్కన గుత్తులు గుత్తులుగా మొగ్గలు. అత్త ఆ రోజుల్లో నడుస్తున్నట్టు ఉండేది కాదు, కాలు కింద పెట్టకుండా తిరుగుతున్నట్టు ఉండేది. పాట పాడుకునేది. ఆమెకి పాట వచ్చని మాకు అప్పుడే తెలిసింది. కాని చైత్రమంటే మా కొండల్లో ఇటుకల పండగ. మగవాళ్లు వేటకి పోతారు, ఆడవాళ్లు దారికి అడ్డంగా కర్ర పెట్టి వచ్చేపోయేవాళ్లని ఆపి, ఆడి పాడి ఏదో ఒకటి పుచ్చుకుంటారు. పండగ దిగిందంటే వారాల తరబడి, అది దాటేదాకా, మా ఊళ్లో ఎవరూ పంట ముట్టరు. సరిగ్గా పండగ దిగిన మర్నాడు పొద్దున్న మొదటి పువ్వు విచ్చుకుంది. లేత ఆకుపచ్చ రేకులు, లోపల పసుపు గొట్టం. అత్త నారింజ ముల్లు పట్టుకుని వెళ్లేసరికి మామ్మ చెట్టు కిందే నిలబడి ఉంది.

"ఒలే సిలకా, సెయ్యి తియ్యి! పండగ దిగీసినాది, పంట ముడతావేటి?"

"పంటేటమ్మా ఇది? పువ్వు."

"కాసీదేదైనా పంటే."

నాన్న అరుగు మీద బాణాలు సరిచేసుకుంటూ, "పండగైపోనాక సేసుకోవే. ఎక్కడికి పోద్ది?" అన్నాడు.

"మద్దినానికి పోద్దన్నా. ఇది ఒక్క పూటే ఇచ్చుకుంటాది. దీనికి రేపు నేదు."

అత్త ఆ చెట్టు కిందే కూర్చుండిపోయింది. ఎండెక్కే కొద్దీ పువ్వు వాలింది, రేకులు మెత్తబడ్డాయి, మర్నాటికి రాలి ఆమె ఒళ్లోనే పడింది. రోజుకి ఒకటీ అరా చొప్పున గుత్తులన్నీ ఇలాగే పోతే పండగ అయ్యేసరికి మిగిలేది ఆకులే. ఆకులకి చెట్టెందుకని నాన్న ముందే అన్నాడు కదా. అత్త అన్నం ముట్టలేదు. అమ్మ గిన్నె పెట్టింది, తీసింది, మళ్లీ పెట్టింది.

ఆ సాయంత్రం దిసారి వచ్చాడు. మా ఊరి పూజలకీ ముహూర్తాలకీ ఆయన మాటే మాట. నాన్న జీలుగు కల్లు పోశాడు. మామ్మే విషయం కదిపింది. దిసారి చాలా పెద్దరికంగా గొంతు సవరించుకుని అత్తని ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు.

"ఇత్తనం ఏత్తావేటి?"

"నేదు మావా."

"కోత్తావా?"

"నేదు."

"మరేటి సేత్తావు?"

"ఆ పువ్వులో మగా ఆడా ఇద్దరూ ఉంటారు మావా. మద్దిన సిన్న పొర అడ్డం. ఆ పొర పైకెత్తి ఇద్దర్నీ కలిపీడమే."

దిసారి తొడ చరిచాడు. "అయితే పెళ్లి! ఇటుకల్లో పెళ్లి సేత్తారేటి ఎవులైనా? కుదర్దు, కుదర్దు."

అత్త మొహం చూడలేక నేను గోడవైపు తిరిగాను. అప్పుడు మామ్మ నోట్లోంచి చుట్ట తీసింది. మామ్మ చుట్ట తీసిందంటే ఎవరికో మూడిందన్నమాట.

"పెళ్లేట్రా, పెళ్లి? ఒకే ఇంట్లో కాపరం ఉన్నోలకి కొత్తగా పెళ్లేటి? ఇది పురుడు! బిడ్డ అడ్డం తిరిగితే నాను సెయ్యెట్టి సరిసెయ్యనా? అలగే ఇదీని. నీ పెల్లానికి నొప్పులొచ్చింది ఇటుకల పండగలోనే కదరా. పండగైపోనాక రమ్మన్నావేటి నన్ను? ఏడుసుకుంటా పరిగెత్తుకొచ్చినావు!"

దిసారి కల్లు కాస్త ఒలికింది. నాన్న నవ్వు ఆపుకోలేక లేచి బయటికి వెళ్లిపోయాడు. కాసేపు నేలకేసి చూసి, పెద్దరికం మళ్లీ తెచ్చుకుని, దిసారి తీర్పు చెప్పాడు. "పురుడు ఆపమని నానెప్పుడన్నాను పెద్దమ్మా? మంత్రసాని ముట్టొచ్చు. మరెవులూ ముట్టకూడదు."

అలా ఆ పని మామ్మ మీద పడింది. ఆవిడ కళ్లు అప్పటికే మసకేశాయి. ఎదురుగా ఉన్న నన్ను పట్టుకుని ఎవురివే అని అడిగే మనిషి, గోరంత పువ్వులో ఆవగింజంత పొర ఎలా ఎత్తుతుంది? కాని ఆ పొద్దులు తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు తేలికవుతుంది. మంచు ఇంకా విడలేదు. దూరాన దారి మీద ఆడవాళ్ల పాట, డప్పు. మామ్మ బూడిదతో, పసుపునీళ్లతో చేతులు కడుక్కుని పీట ఎక్కి నిలబడేది. అత్త తన చేతులు రెండూ వెనక్కి కట్టుకుని, పొరపాటున కూడా తగలకుండా, పక్కనుంచి చెప్పేది. "కిందికి, అమ్మా. ఇంకొంచెం. ఇప్పుడు ముల్లుతో పైకెత్తు. ఆఁ, బొటనేలితో అద్దు." మామ్మ అసలు పువ్వు వైపు చూసేదే కాదు. ఎటో కొండల వైపు మొహం పెట్టి, వేళ్లతోనే వెతుక్కుని, పురిటి మంచం దగ్గర అనే మాటలే అనేది. "అయిపోనాది తల్లీ, అయిపోనాది, ఇంకొక్క పాలి." పువ్వుకి చెబుతోందో, అత్తకి చెబుతోందో. మొదటి రోజు ముట్టిన పువ్వు మర్నాడు రాలలేదు. అత్త దాన్ని చూసి, చెట్టుకి ఆనుకుని, గట్టిగా ఏడ్చింది.

తప్పు జరిగింది ఆ తర్వాతే. గుత్తికి కొన్ని పువ్వులే కట్టించాలని, మిగతావి వదిలెయ్యకపోతే తీగ తట్టుకోలేదని మేడమ్ చెప్పి వెళ్లింది. ఆ మాట అత్త చెబితే మామ్మ వింటేనా?

"ఒకర్ని ముట్టి ఒకర్ని మానీడమేటే? పిలిత్తే ఎల్లనని అన్నానా నాను ఎప్పుడైనా? ఇచ్చుకున్నదాన్ని ఎండిపొమ్మంటానా?"

విచ్చుకున్న ప్రతి పువ్వునీ ముట్టింది. లోకంలో ఇంకెవరైనా అయితే చాల్లే అని దిగేవాళ్లు. ఒక మంత్రసానికే ఆ పొరపాటు చేతనవుతుంది. వానలన్నీ ఆ తీగ నిండా కాయలు, చిక్కుడుకాయలకి అన్నల్లాంటివి, గుత్తులు గుత్తులు. నాన్న వచ్చినవాళ్లందర్నీ ఇంటి వెనక్కి తీసుకెళ్లి తానే కాయించినట్టు చూపించేవాడు. మామ్మ ఒకటి తెంపి వాసన చూసి, "ఏటీ నేదే!" అని ఉమ్మేసింది. చలికాలంలో కోసి, వేడినీళ్లలో ముంచి, కంబళిలో చుట్టి, రోజూ ఎండకి పెట్టీ తీసీ చేస్తే అప్పుడు వచ్చింది వాసన. ఆ కంబళి నాది. దాన్ని కప్పుకుని పడుకుంటే బెల్లం, కొత్త కలప, పాల మీగడ అన్నీ కలిసినట్టుండేది. కలలు కూడా గోధుమరంగులో వచ్చేవి. నిజం, నవ్వకండి.

అన్ని కాయల్నీ మోసిన తీగ మాత్రం నిలవలేదు. మొదలు నల్లబడి మెత్తగా కుళ్లింది, ఆకులు పసుపెక్కి రాలాయి. మామ్మ ఆ చెట్టు దగ్గరికి వెళ్లడం మానేసింది. అత్త ఏడుస్తుందనుకున్నాం. ఏడవలేదు. కొడవలి తెచ్చి, పైనున్న పచ్చటి భాగం మూర మూర ముక్కలుగా కోసి, కోసిన చోట ఆరేదాకా నీడలో వేలాడగట్టింది. అమ్మ పారేసిన అంచు విరిగిన అంబలి కుండలు ఏరి తెచ్చి, బొగ్గులూ పీచూ కుళ్లిన ఆకులూ నింపి, అందులో పెట్టింది. నేను పీచు చీల్చి ఇచ్చాను. నాన్న పెట్టిన షరతు ప్రకారం తీగ కాసింది, ఆయనకి కావలసిన ప్రకారం పనస ఖాళీ అయింది, మిరియం ఎక్కింది. గొడవే లేదు. కాని అరుగు మీద వరసగా కుండలు చూసి అత్త ఒక సంగతి కనిపెట్టింది. చెట్టుకి ఉన్న తీగ చెట్టున్నంత వరకే. కుండలో ఉన్నది ఎక్కడికైనా వస్తుంది.

ఆ ఏడే అరకులో ఆడపిల్లల హాస్టల్లో వంటమనిషి కావాలని తెలిసింది. అత్త వెళ్తానంది. ఇంట్లో ఏం తక్కువైందని నాన్న అడిగాడు, నిజంగానే నొచ్చుకున్నాడు.

"తక్కువేటీ అవనేదన్నా. నా కుండ నాను పెట్టుకోడానికి నాకో గుమ్మం కావాల."

బస్సు దాకా ఆ కుండని నాన్నే భుజాన మోశాడు.

తర్వాత నేనూ ఆ హాస్టల్లోనే చదివాను. వంటింటి వెనక అత్త గది, కిటికీ ఊచలకి అల్లుకున్న తీగలు, ఆదివారం పూట కుండ పగలగొట్టి కొత్త కుండలోకి మార్చే తతంగం. నాకు టీచరు ఉద్యోగం వచ్చి వెళ్లేనాడు తడిగోనెలో చుట్టి ఒక ముక్క చేతిలో పెట్టి, "ఇది నీది. ఎవులు తీసీమన్నా తియ్యకు," అంది. అది నా ఒక్కదానికే ఇచ్చిందనుకున్నాను. ఇన్నేళ్లూ అదే అనుకున్నాను. మొన్న ఆవిడ దినానికి కొండ ఊళ్ల నుంచి ఎంతోమంది ఆడవాళ్లు వచ్చారు, అందరూ ఆ హాస్టల్లో చదివి వెళ్లినవాళ్లే. ఒకర్తె కళ్లు తుడుచుకుంటూ, "నానెల్లిపోయేటప్పుడు నాకో తీగముక్క ఇచ్చిందక్కా," అంది. పక్కావిడ, "నాకూని," అంది. తర్వాత ఇంకొకరు, ఇంకొకరు. చురుక్కుమంది నాకు, అబద్ధమెందుకు. ఆ తర్వాత మాత్రం ఎంత సంతోషమేసిందంటే, చావింట్లో నవ్వు దాచుకోడానికి కొంగు అడ్డం పెట్టుకున్నాను.

ఎవరిదీ పూయలేదట. నాదీ పూయలేదు. పూస్తే ఏం చెయ్యాలో కూడా వాళ్లలో ఎవరికీ తెలియదు. అందుకని నా నంబరు ఇచ్చి వచ్చాను. ఇప్పుడు మావైపు కూడా కాన్పులన్నీ ఆస్పత్రిలోనే. మంచిదే, మామ్మ చేతుల్లో నిలవని బిడ్డలు ఎందరో నాకు తెలుసు. కొండల మీద రోడ్లు పడ్డాయి, వారాంతం వస్తే కార్ల బారులు. మా అరుగు ఉన్న చోట ఎవరిదో రిసార్టు లేచింది, మా పనసచెట్టు కింద జనం ఫొటోలు దిగుతున్నారు. నాకు పాతదంతా బంగారమని అనాలని లేదు. ఆ చలి, ఆ జ్వరాలు మళ్లీ ఎవరికి కావాలి? కాని అప్పుడు ఒక పువ్వు కోసం ఇల్లంతా, ఊరి పెద్దతో సహా, కూర్చుని వాదించుకుంది. ఇప్పుడు అంత తీరిక ఎవరికుంది అనుకునేదాన్ని.

ఈ చైత్రంలో ఒక పొద్దున్న ఫోన్ మోగింది. అనంతగిరి అవతలి ఊళ్లో ఉండే పద్మ, దినానికి వచ్చినవాళ్లలో ఒకర్తె. వీడియో కాల్. తెర నిండా గాలి, ఆకాశం, ఊగుతున్న ఆకులు.

"అక్కా, పూసీసినాది! ఇంటికాడ సిగ్నల్ నేదని కుండ మోసుకుని కొండెక్కీసినాం, నానూ మా తోడికోడలూ. బేగి సెప్పండక్కా, మద్దినానికి పోద్దన్నారు కదా!"

వెనక ఎవరో ముసలావిడ రొప్పుతూ తిడుతోంది. వాళ్ల అత్తట. ఆకులు తప్ప ఏమీ లేని కుండ గుమ్మంలో ఎందుకు, పారెయ్యమని ఏళ్ల తరబడి పోరుతున్న మనిషి. ఇప్పుడు ఏమవుతుందో చూద్దామని తనూ ఎక్కింది. నేను నా వేళ్లు ఫోన్ ముందు పెట్టి చూపించాను. కిందికి. ఇంకొంచెం. పుల్లతో పైకెత్తు. బొటనవేలితో అద్దు. పద్మ వెతుక్కుంది, ఆగింది, అద్దింది. తోడికోడలు కెవ్వుమని అరిచింది.

"అక్కా, ఇంకా బోలెడు మొగ్గలున్నాయి. అన్నీ సెయ్యాలా, కొన్నేనా?"

మేడమ్ చెప్పిన మాట చెప్పాను. మామ్మ వినని సంగతీ, ఆ తీగ ఏమైందీ చెప్పాను. వాళ్ల అత్త వెనకనుంచి, "అన్నీ సేసీమను! ఇన్నేల్లు నీల్లు పోసినాం, కాయనీ!" అని అరిచింది.

"మరి నానేటి సెయ్యాలక్కా?" అంది పద్మ.

"నన్నడుగుతావేం? తీగ నీది," అన్నాను.

తెర మీద ఆ పిల్ల మొహం కదలకుండా ఉండిపోయింది. సిగ్నల్ పోయిందేమో అనుకున్నాను. పోలేదు. మెల్లగా పక్కకి తిరిగింది.

"నువ్వుండత్తా. నా తీగ ఇది. ఎన్ని కాయాలో నాను సెప్తాను," అంది.